మీ బండి – మా జవాబు: కొండ ఎక్కేటప్పుడే మిస్సింగ్ ఎందుకు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంజిన్ మిస్సింగ్ గురించే, అంటే ఏదో ఒక సిలిండర్లో ఇంధనం మండకుండా తప్పిపోవడం గురించే. ఒకే ఇబ్బందిని నలుగురైదుగురు రాసినచోట, వివరాలు బాగా ఇచ్చిన ఉత్తరాన్నే ఎంచుకున్నాం. ఊరి పేర్లు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: మాది 2014 మోడల్, నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు. 78 వేల కిలోమీటర్లు తిరిగింది. ఊర్లో గాని, హైవేలో గాని ఏ తేడా లేదు. అలిపిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కినామంటే మాత్రం థర్డ్ గేరులో కుదుపులు మొదలైతాయి. ఇంజిన్ లైటు వెలిగి ఆరి, వెలిగి ఆరి చేస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఆగిపోతుంది. షెడ్డులో త్రాటిల్ బాడీ క్లీన్ చేసినారు, ఎయిర్ ఫిల్టర్ మార్చినారు, మార్పు లేదు. ఇప్పుడు పెట్రోల్ పంపు మార్చాల అంటా ఉండారు. మార్పించేదా, వద్దా? – ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: పంపు ఖర్చు ఇప్పుడే పెట్టకండి. మీరు రాసిన లక్షణాలు పెట్రోలు చాలనప్పటివి కావు, స్పార్క్ బలహీనపడినప్పటివి.

చదును రోడ్డులో యాక్సిలరేటర్ కొద్దిగానే తొక్కుతాం. సిలిండర్లోకి వెళ్లే గాలి తక్కువ, పిస్టన్ నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడీ తక్కువే. అందులో ప్లగ్ గ్యాప్ (ప్లగ్ రెండు మొనల మధ్య సందు) దాటడం స్పార్క్‌కు తేలిక. ఘాట్‌లో త్రాటిల్ బాగా తెరుచుకుని సిలిండర్ నిండా గాలి చేరుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ అదే గ్యాప్‌ను దాటడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ప్లగ్ మొన అరిగి గ్యాప్ వెడల్పైతే ఇంకా ఎక్కువ. కాయిల్ (ప్లగ్‌కు ఎక్కువ వోల్టేజీ అందించే భాగం) లోపల గాని, దాని కింది రబ్బరు బూటులో గాని సన్నటి పగులు ఉంటే కరెంటు ప్లగ్ మొన దాకా పోదు, దారిలోనే పక్కనున్న లోహానికి దూకేస్తుంది. ఆ సిలిండర్లో పెట్రోలు మండకుండా బయటికి పోతుంది. మీకు తెలిసే కుదుపు అదే.

పెట్రోలు అందకపోతే తీరు వేరు. నాలుగు సిలిండర్లూ కలిసి నీరసపడతాయి, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ బండి ఈడ్చుకుపోతున్నట్టు ఉంటుంది. దీన్ని మీరే తేల్చుకోవచ్చు. థర్డ్‌లో కుదుపు రాగానే సెకండ్‌కు దించి, 3,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ కొంచెం తేలిగ్గా పట్టండి. కుదుపు పోతే స్పార్క్ మీద అనుమానం బలపడుతుంది. పోకపోగా ఇంకా దిగజారితే అప్పుడు ఫిల్టర్, పంపు, పెట్రోల్ ప్రెషర్ చూడాలి. మన దగ్గర తిరిగే ఎంపీఎఫ్ఐ (ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్ ఉండే) కార్లలో చాలావాటికి ఆ ప్రెషర్ 3 నుంచి 3.5 బార్ ఉంటుంది. గేజి పెట్టి కొలవకుండా పంపు మార్చమనే మాటకు తల ఊపకండి.

లైటు వెలిగి ఆరుతుండటాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. లైటు నిలకడగా వెలిగితే తప్పును సూచించే కోడ్ కారు కంప్యూటర్‌లో నమోదైందని అర్థం, షెడ్డు దాకా నిదానంగా వెళ్లొచ్చు. ఆరి వెలుగుతుంటే మాత్రం క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసే భాగం) దెబ్బతినేంత మిస్సింగ్ ఆ క్షణంలో జరుగుతోందని. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి వెళ్లి కన్వర్టర్‌లో మండుతుంది, లోపలి సిరామిక్ జాలీ కరిగి మూసుకుపోతుంది. దాని ముందు కాయిల్ ఖర్చు లెక్కలోకి రాదు. వెంటనే కాలు తేలిక చేసి, గేరు దించండి. మలుపుల్లో ఆపకుండా, వెడల్పుగా ఉన్నచోట పక్కకు తీయండి.

ఇక అసలు పని. డాష్‌బోర్డు కింద ఓబీడీ సాకెట్, అంటే కారు కంప్యూటర్‌లోని కోడ్‌లు చదివే సాకెట్ ఉంటుంది. దానికి స్కానర్ గాని, ఫోన్‌తో పనిచేసే బ్లూటూత్ డాంగిల్ గాని పెట్టి కోడ్ చదవండి. పి0301 నుంచి పి0304 వరకు ఏది వచ్చినా చివరి అంకె సిలిండర్ నంబరు. పి0300 అంటే ఫలానా సిలిండర్ అని తేలలేదని, లేదా ఒకటి కంటే ఎక్కువ అని. ఇంజిన్ అడ్డంగా ఉండే కార్లలో సాధారణంగా బెల్టు వైపుది ఒకటో సిలిండర్, గేరుబాక్సు వైపుది నాలుగోది. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా రాసుకోండి. తప్పు జరిగినప్పటి ఆర్‌పీఎం, లోడు, కూలెంట్ వేడి అందులో ఉంటాయి. చాలామంది కోడ్ చెరిపేసి, దాంతో పాటు ఈ సమాచారాన్నీ పోగొట్టుకుంటారు.

మీ కోడ్ పి0302 అనుకుందాం. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. వేడి మీద ప్లగ్ విప్పితే అల్యూమినియం హెడ్‌లో మరలు లేచిపోతాయి. కాయిల్ కనెక్టర్ లాక్ నొక్కి తీయండి, 10 నంబర్ బోల్టు విప్పి, కాయిల్‌ను కొద్దిగా తిప్పుతూ నిలువుగా పైకి లాగండి. ప్లగ్ వదులు చేసే ముందే ఆ గుంతలో గాలి కొట్టండి, లేదంటే అడుగున చేరిన ఇసుక నేరుగా సిలిండర్లో పడుతుంది. ఇప్పుడు రెండో సిలిండర్ కాయిల్‌ను నాలుగోదానితో, రెండో సిలిండర్ ప్లగ్‌ను మూడోదానితో అటూఇటూ మార్చండి. కోడ్ చెరిపి నడపండి. తప్పు నాలుగుకు పోతే కాయిల్, మూడుకు పోతే ప్లగ్. రెండు చోట్లా వస్తే రెండూ పోయినట్టే. ఇది అరుదేం కాదు. అరిగిన ప్లగ్ ఎక్కువ వోల్టేజీ అడిగి అడిగి చివరికి కాయిల్ ఇన్సులేషన్‌ను పాడు చేస్తుంది. ఎక్కడికీ కదలకుండా రెండులోనే ఉంటే ఇంజెక్టర్, వైరింగ్ లేదా కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్లో పుట్టే ఒత్తిడి). పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండానే నాలుగు కాయిల్స్ అమ్మేవాళ్లు ఉన్నారు.

పరీక్ష కోసం మళ్లీ కొండ ఎక్కనక్కర్లేదు. రద్దీ లేని చదును రోడ్డులో, నాలుగో గేరులో 40 వేగంతో వెళుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజిన్ మీద పడే లోడు ఘాట్‌లో పడే లోడుకు తీసిపోదు.

విప్పిన ప్లగ్గులను వరుస తప్పకుండా పెట్టి చూడండి. లేత గోధుమ రంగు మంచిది. పొడి నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా స్పార్క్ బలహీనం. నూనె తడి ఉంటే రింగులు, వాల్వ్ సీళ్లు. తెల్లబారి పొక్కులు లేస్తే పెట్రోలు తక్కువ, వేడి ఎక్కువ. తెల్లటి సిరామిక్ మీద నిలువుగా సన్నటి నల్ల గీత కనిపిస్తే కరెంటు బయటి నుంచే దూకుతోందని. అప్పుడు ప్లగ్ ఒక్కటి మార్చి ఊరుకోకండి. అదే గీత రబ్బరు బూటు లోపలి గోడ మీద కూడా కాలి ఉంటుంది, కొత్త ప్లగ్‌ను కొద్ది రోజుల్లోనే మళ్లీ పాడు చేస్తుంది. కొన్ని కార్లకు బూటు విడిగా దొరుకుతుంది, లేకుంటే కాయిల్ మొత్తం మార్చాలి.

మామూలు నికెల్ ప్లగ్గులు 30 నుంచి 40 వేల కిలోమీటర్లకు, ఇరిడియంవి దాదాపు లక్షకు మార్చాలి. 78 వేలకు మీ పాత ప్లగ్గులే ఉన్నాయంటే, అవి నికెల్‌వైతే నాలుగూ మార్చండి. కాయిల్ మాత్రం పోయినదొక్కటే చాలు. గ్యాప్ మీ మాన్యువల్‌లో ఉన్నంతే పెట్టండి. చాలా కార్లకు 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఇరిడియం ప్లగ్ నడి మొన మీద గేజి ఆనించి వంచకూడదు, విరిగిపోతుంది.

బిగింపు దగ్గర చాలా హెడ్‌లు పాడవుతాయి. ముందు పొడవు ఎక్స్‌టెన్షన్‌తో చేత్తోనే తిప్పి కూర్చోబెట్టాలి. తర్వాత టార్క్ రెంచ్‌తో, అల్యూమినియం హెడ్‌లో 14 ఎం.ఎం. మర ఉన్న ప్లగ్‌కు 25–30 న్యూటన్ మీటర్లు, 12 ఎం.ఎం. మరకు 15–20, 10 ఎం.ఎం. మరకు 10–12 మాత్రమే. కొత్త చిన్న కార్లకు వచ్చే సన్నటి ప్లగ్గులను పాత అలవాటు బలంతో బిగిస్తే మర తెగుతుంది. ప్లగ్ మరకు గ్రీజు పూయకండి. జారుడు వల్ల అదే టార్క్‌కు అవసరమైన దానికంటే ఎక్కువ బిగుసుకుంటుంది. డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారని గ్రీజు) రాయాల్సింది బూటు నోటి లోపల, అదీ పలచగా.

మీ కారుకు ప్లగ్ మీదే కూర్చునే కాయిల్స్ కాకుండా పాత పద్ధతి కాయిల్ ప్యాక్, హెచ్‌టీ వైర్లు (కాయిల్ నుంచి ప్లగ్‌కు పోయే హై టెన్షన్ వైర్లు) ఉంటే లెక్క కొద్దిగా మారుతుంది. అందులో 1–4, 2–3 జతలకు చెరొక కాయిల్ ఉంటుంది. జతలో రెండూ మిస్ అయితే కాయిల్, ఒక్కటే అయితే వైరు లేదా ప్లగ్. రాత్రిపూట చీకట్లో ఇంజిన్ నడుస్తుండగా వైర్ల మీద సన్నగా నీళ్లు స్ప్రే చేసి చూడండి. లీకున్న చోట నీలి రవ్వలు కనబడతాయి. చెయ్యి మాత్రం దూరంగా ఉంచండి.

ప్రశ్న: కారును వాటర్ వాష్‌కు ఇచ్చి ఇంటికొచ్చినాం. మరుసటి రోజు నుంచి ఐడిల్లో వణుకుతా ఉంది. ఏం పోయిందో? – పుత్తూరు

జవాబు: ఏమీ పోయి ఉండకపోవచ్చు. ప్రెషర్ గన్‌తో ఇంజిన్ మీద కొట్టిన నీళ్లు ప్లగ్ గుంతల్లో నిలిచాయి. కాయిల్స్ తీసి, గాలి కొట్టి, గుంతలు, బూట్లు, కనెక్టర్లు ఆరబెట్టి మళ్లీ పెట్టండి. తడితోనే రోజుల తరబడి తిప్పితే పై జవాబులో చెప్పిన నల్ల గీత అక్కడే పుడుతుంది. గుంతలో నీళ్లకు బదులు నూనె కనబడితే కారణం వాష్ కాదు, వాల్వ్ కవర్ గ్యాస్కెట్, దాంతోపాటు ఉండే ప్లగ్ ట్యూబ్ సీళ్లు గట్టిపడ్డాయి. గ్యాస్కెట్ మార్చేటప్పుడు ఆ సీళ్లు కూడా మార్చమని అడగండి, చాలా షెడ్లలో వదిలేస్తారు. నూనెలో నానిన బూటు ఉబ్బి మెత్తబడుతుంది, అదీ మార్చాల్సిందే.

ప్రశ్న: స్టేషన్ నుంచి కొండకు ట్యాక్సీ తిప్పుతా ఉండాను. కంపెనీ సీఎన్‌జీ బండి, లక్షా నలభై వేలు తిరిగింది. గ్యాసులో మిస్సింగ్ కొడతా ఉంది, పెట్రోలుకు మారిస్తే సాఫీగా పోతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కొద్దిసేపు పెట్రోల్లో కూడా వణుకుతుంది. కిట్ పోయిందా సార్? – తిరుపతి

జవాబు: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు తప్పులు ఉన్నట్టున్నాయి.

గ్యాసులో మాత్రమే వచ్చే మిస్సింగ్‌కు మొదటి అనుమానం మళ్లీ ప్లగ్గులే. సీఎన్‌జీ, గాలి మిశ్రమాన్ని అంటించడానికి పెట్రోలుకంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. పెట్రోల్లో బాగానే పనిచేసే అరిగిన ప్లగ్ గ్యాసులో తప్పుతుంది. మీ మాన్యువల్‌లో సీఎన్‌జీ మోడల్‌కు ఇచ్చిన ప్లగ్ నంబరే వేయండి, గ్యాప్ అందులో ఉన్నంతే. సాధారణంగా పెట్రోలు మోడల్ కంటే తక్కువే ఉంటుంది. మార్చే గడువు కూడా తగ్గించుకోండి. ప్లగ్గులు, కాయిల్స్ బాగున్నాయని తేలాకే గ్యాస్ ఫిల్టర్ వైపు వెళ్లాలి. కంప్రెసర్ నూనె జిడ్డు గ్యాసుతో పాటు వచ్చి ఫిల్టర్ కార్ట్రిడ్జ్‌లో, గ్యాస్ ఇంజెక్టర్లలో పేరుకుంటుంది. జిడ్డు పట్టిన ఇంజెక్టర్ చల్లగా ఉన్నప్పుడు ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఈ పని అధీకృత సెంటర్లోనే చేయించండి. నిండు గ్యాస్ సిలిండర్లో ప్రెషర్ 200 బార్ ఉంటుంది, పైపు విప్పడం షెడ్డులో చేసే పని కాదు.

రెండోది పొద్దుటి వణుకు. గ్యాసు పొడి ఇంధనం. వాల్వ్ సీటు త్వరగా అరిగి, వాల్వ్ కొద్దికొద్దిగా పైకి జరుగుతుంది, ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్‌కు, దాన్ని నొక్కే భాగానికి మధ్య ఉండే సందు) మూసుకుపోతుంది. గ్యాప్ లేని వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది, ముఖ్యంగా ఐడిల్లో. వేగం పెరిగితే కారడానికి సమయం చాలదు కాబట్టి తెలియదు. ట్యాపెట్ శబ్దం రావడం లేదు, ఇంజిన్ మెత్తగా ఉంది అని మీరు సంతోషిస్తుంటారు. బిగుసుకున్న వాల్వ్ చప్పుడు చేయదు, నిశ్శబ్దంగా కాలిపోతుంది. ఇంజిన్ రాత్రంతా చల్లారాక ఫీలర్ గేజితో అన్ని వాల్వుల గ్యాప్ కొలిపించి, అంకెలు కాగితం మీద రాయించుకోండి. ఎగ్జాస్ట్ వైపు ముందు చూడండి, వేడి ఎక్కువ పడేది అక్కడే. హైడ్రాలిక్ లాష్ అడ్జస్టర్లు (నూనె ఒత్తిడితో ఆ గ్యాప్‌ను వాటంతటవే సర్దేవి) ఉన్న ఇంజిన్ అయితే సెట్టింగ్ ఉండదు, నేరుగా కంప్రెషన్ టెస్ట్‌కు వెళ్లాలి.

ప్రశ్న: చలికాలం పొద్దున స్టార్ట్ చేస్తే ఒక నిమిషం పాటు ఒక సిలిండర్ తప్పినట్టు కొడుతుంది, తెల్ల పొగ వస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. కూలెంట్ నెలకోసారి పోయాల్సి వస్తా ఉంది. రింగులు పోయినాయి, ఇంజిన్ దించాలన్నారు. – పలమనేరు

జవాబు: ఆగండి. రింగులు పోతే పొగ నీలంగా వస్తుంది, ఇంజిన్ ఆయిల్ తగ్గుతుంది. మీకు తగ్గేది కూలెంట్. పలమనేరు చలికి పొద్దున్నే సైలెన్సర్ నుంచి కొంచెం ఆవిరి రావడం మామూలే, కానీ ఒక సిలిండర్ తప్పడం, కూలెంట్ తగ్గడం కలిసి వచ్చాయంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకు, హెడ్‌కు మధ్య ఉండే సీలు) మీద గట్టి అనుమానం. రాత్రంతా సిస్టంలో మిగిలిన ప్రెషర్‌కు కూలెంట్ చుక్కచుక్కగా సిలిండర్లోకి దిగుతుంది. పొద్దున అది ఆవిరై పోయేదాకా ఆ సిలిండర్ పనిచేయదు.

ముందు ప్రెషర్ టెస్టర్. చల్లటి ఇంజిన్‌కు రేడియేటర్ క్యాప్ తీసి, పంపు బిగించి, క్యాప్ మీద రాసిన ప్రెషర్ దాకా ఎక్కించి గంటసేపు వదిలేయండి. బయట ఎక్కడా తడి లేకుండా సూది దిగితే లోపలికే పోతోంది. అప్పుడు ప్లగ్గులు విప్పి, చిన్న కెమెరా పైపు దించి చూస్తే మూడు పిస్టన్లు నల్లగా, ఒకటి ఆవిరికి కడిగినట్టు శుభ్రంగా కనిపిస్తుంది.

తర్వాత కంప్రెషన్. ఇంజిన్ వేడెక్కాక కొద్దిగా ఆరనిచ్చి, వెచ్చగా ఉన్నప్పుడు నాలుగు ప్లగ్గులూ జాగ్రత్తగా తీసేయాలి, కాయిల్ కనెక్టర్లు, ఫ్యూయల్ పంప్ రిలే తీయాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌కు ఐదారు దెబ్బలు పడేదాకా స్టార్టర్ తిప్పాలి. త్రాటిల్ మూసి తీసిన రీడింగ్ తక్కువే వస్తుంది, దాన్ని చూపించి ఇంజిన్ దించమనడం మామూలైపోయింది. ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజిన్లు సాధారణంగా 11 నుంచి 14 బార్ చూపిస్తాయి. అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, ఒక బార్ దాటకూడదు. పలమనేరు దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడే కొంత తక్కువ, కాబట్టి తిరుపతిలో తీసిన రీడింగ్ కంటే ఐదారు శాతం తక్కువ వస్తే కంగారు పడొద్దు.

ఒక సిలిండర్ తక్కువైతే అందులో టీ చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. రీడింగ్ బాగా పెరిగితే రింగులు. పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువైతే వాటి మధ్య గ్యాస్కెట్ కాలింది. మీ విషయంలో కంప్రెషన్ బాగానే కనబడే అవకాశం కూడా ఉంది. కూలెంట్ దారి దగ్గరి సన్నటి లీకు ఈ పరీక్షకు దొరకదు. అందుకే ప్రెషర్ టెస్ట్ ముందు పెట్టాం.

ఒక జాగ్రత్త. ఏదో ఒక పొద్దున స్టార్టర్ టక్కుమని బిగుసుకుంటే మళ్లీ తిప్పకండి. సిలిండర్ నిండా నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అప్పుడు నిజంగానే ఇంజిన్ దించాల్సి వస్తుంది. హెడ్ విప్పించినప్పుడు దాని చదును స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూడమనండి. 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ దూరితే మాన్యువల్ పరిమితితో పోల్చి, అవసరమైతే స్కిమ్మింగ్ (హెడ్ అడుగును చదును చేయించడం). డిగ్రీల లెక్కన బిగించే రకం హెడ్ బోల్టులైతే కొత్తవే వేయాలి.

ప్రశ్న: మామిడి తోటలో ఇల్లు. పి0303 వస్తా ఉంది. మీరు ఇంతకు ముందు చెప్పినట్టే కాయిల్, ప్లగ్ మార్చి చూసినాం, తప్పు మూడులోనే ఉంది. – దామలచెరువు

జవాబు: తోటలో ఇల్లంటే ముందు ఎలుకలను అనుమానించండి. మూడో ఇంజెక్టర్, కాయిల్ వైర్లను కనెక్టర్ నుంచి గొట్టం లోపలిదాకా వేళ్లతో తడిమి చూడండి. పైతొడుగు బాగుండి లోపల తీగ తెగిన సందర్భాలుంటాయి. ఇంజిన్ నడుస్తుండగా పొడవు స్క్రూడ్రైవర్ ఇంజెక్టర్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టి వినండి. నాలుగూ ఒకేలా టకటకమనాలి. మూడోది మూగగా ఉంటే కనెక్టర్ తీసి మల్టీమీటర్‌తో కొలవండి. మామూలు ఇంజెక్టర్ కాయిల్ 12 నుంచి 16 ఓమ్‌లు చూపిస్తుంది. అది బాగుంటే తప్పు వైరుదే. తెగినచోట మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు, ఇంజిన్ వేడికి టేపు జిగురు కరిగి ఊడుతుంది. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ ట్యూబు వేయించండి. ఇంజెక్టర్ కొడుతున్నా తప్పు పోకపోతే అది మూసుకుపోయి ఉండొచ్చు, విప్పి బెంచి మీద టెస్ట్ చేయించండి. మళ్లీ బిగించేటప్పుడు ఓ-రింగులు కొత్తవి వేయాలి, పాతవాటి దగ్గర పెట్రోలు కారితే మంటలంటుకుంటాయి.

ప్రశ్న: ఈ20 పెట్రోలు వచ్చినప్పటి నుంచి 2011 కారు మిస్సింగ్. ట్యాంకులో క్లీనర్ సీసా పోస్తే సరిపోతుందా? – చిత్తూరు

జవాబు: ఒక్క సిలిండరే తప్పుతుంటే పెట్రోలును తిట్టి లాభం లేదు, అదే పెట్రోలు నాలుగింటికీ పోతోంది. నాలుగూ నీరసంగా ఉంటే ఆలోచించాలి. 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలుకు, కలపని పెట్రోలుకంటే దాదాపు 8 శాతం ఎక్కువ ఇంధనం ఇంజెక్ట్ కావాలి. ఆక్సిజన్ సెన్సర్ చూసి కంప్యూటర్ ఆ సర్దుబాటు చేస్తుంది. స్కానర్లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఆ సర్దుబాటు ఎంత శాతమో చూపే అంకె) చూడండి. ఐడిల్లో ప్లస్ 15, 20 ఉండి, 2,500 ఆర్‌పీఎంలో తగ్గితే ఎక్కడో గాలి లీకు, పగిలిన వ్యాక్యూమ్ గొట్టం వెతకండి. వేగంతో పెరుగుతూ పోతే పెట్రోలు చాలడం లేదు. బండి నెలల తరబడి కదలకపోతే ఇథనాల్ నీటిని పీల్చుకుని అడుగున వేరుపడొచ్చు. కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి తీసి నిలకడగా ఉంచితే అడుగున పొర కనబడుతుంది. అలాగైతే ట్యాంకు ఖాళీ చేయాల్సిందే. క్లీనర్ సీసా కాస్త జిడ్డుపట్టిన ఇంజెక్టర్‌కు పనికొస్తుందేమో గాని, పోయిన కాయిల్‌ను, చీలిన గొట్టాన్ని బాగు చేయదు.

ప్రశ్న: డీజిల్ బండికి ప్లగ్గులే లేవు కదా, మరి మిస్సింగ్ ఎట్లా వస్తుంది? – మదనపల్లె

జవాబు: ఇంజెక్టర్ వల్ల, కంప్రెషన్ వల్ల. పొద్దున ఒక్కసారే అయితే గ్లో ప్లగ్ (స్పార్క్ కోసం కాదు, చల్లటి సిలిండర్‌ను వేడి చేయడానికి ఉండేది) వల్ల. కామన్ రైల్ (ఒకే పైపు నుంచి ఇంజెక్టర్లన్నిటికీ ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ అందే) ఇంజిన్‌కు లీక్-ఆఫ్ టెస్ట్ చేయించండి. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ గొట్టాన్ని ఒక్కో చిన్న సీసాలో పెట్టి ఇంజిన్ నడిపితే, మిగతావాటికంటే బాగా ఎక్కువ డీజిల్ చేరిన సీసాదే చెడిన ఇంజెక్టర్. రైల్ పైపులను నడుస్తున్న ఇంజిన్ మీద వదులు చేసి చూసే పాత పద్ధతి ఇక్కడ ప్రాణాంతకం, వెయ్యి బార్‌కు పైగా ప్రెషర్‌లో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. కొత్త ఇంజెక్టర్ వేస్తే కింది రాగి వాషరు కొత్తది వేసి, ఇంజెక్టర్ ఒంటి మీద ముద్రించిన కోడ్‌ను స్కానర్‌తో కంప్యూటర్‌లో ఎక్కించమనండి. ఎక్కించకపోతే కొత్త ఇంజెక్టర్‌తో కూడా ఐడిల్ వణుకు అలాగే ఉండొచ్చు.